ర్యామ్ రెట్టింపు చేసినా క్యాష్ హిట్ రేటు కదలట్లేదు, పొద్దున 9 అయితే సర్వర్ నత్తనడక

నిద్రలేని_అడ్మిన్ | #1
మూడు వారాలుగా ఇదే గోల. ఇక్కడైనా దారి దొరుకుతుందేమోనని రాస్తున్నా.

లినక్స్ ఫైల్ సర్వర్, సాంబా (ఫైళ్ళని నెట్‌వర్క్ మీద జనానికి అందించే ప్రోగ్రామ్). 7200 ఆర్‌పీఎం డిస్కులు 8, రెయిడ్‌లో. డేటా 3 టీబీ పైమాటే. మూడొందల మంది దాకా దీనిమీద ఫైళ్ళు తెరుస్తారు. ఒక రిపోర్టింగ్ ప్రోగ్రామ్ కూడా ఇందులోంచే చదువుతుంది. పొద్దున 9కి జనం రాగానే ఒక్కో ఫైల్ తెరుచుకోవడానికి 20, 30 సెకన్లు. 10:30 దాటాక దానంతటదే సర్దుకుంటుంది. మధ్యాహ్నం 3కి మళ్ళీ ఒక అరగంట నెమ్మది.

ర్యామ్ చాలట్లేదనుకుని 64 జీబీ నుంచి 128 చేశాం. రోజు మొత్తానికి పేజ్ క్యాష్ హిట్ రేటు, అంటే డిస్కుదాకా పోకుండా ర్యామ్‌లోనే దొరికిన చదువుల శాతం, 60% ఉండేది, ఇప్పుడు 61%. అంతే. పైవాళ్ళేమో 256 చేద్దామా, ఎస్ఎస్‌డీ క్యాష్ పెడదామా అంటున్నారు. చిల్లు ఎక్కడుందో తెలీకుండా కుండలో నీళ్ళు పోస్తున్నామేమో అని నా భయం. కొనకముందే తేల్చుకునే మార్గం ఏదైనా ఉందా?

డిస్క్‌దేవర | #2
ఎస్ఎస్‌డీ పెట్టెయ్యండి, గొడవ వదులుతుంది. ఈ రోజుల్లో తిరిగే డిస్కుల మీద జనాన్ని కూర్చోబెట్టడం ఏంటండీ.

పేజీఫాల్ట్ | #3
రాత్రి ఏమేం నడుస్తాయి?

నిద్రలేని_అడ్మిన్ | #4
ఒంటిగంటకి బ్యాకప్ మొదలవుతుంది, 6 లోపు అయిపోతుంది. దాదాపు 600 జీబీ చదువుతుంది. అది తప్ప ఇంకేం లేదు.

లెక్కలపంతులు | #5
600 జీబీ అనగానే నాకు సగం అర్థమైంది. మీ 128 జీబీ మీదుగా రాత్రంతా 600 జీబీ పారిందంటే, నిన్న సాయంత్రం దాకా జనం వాడిన పేజీలు (ర్యామ్‌లో దాచిన ఫైల్ ముక్కలు) తెల్లారేసరికి కొట్టుకుపోతాయి. 9కి అందరూ ఖాళీ క్యాష్‌తో మొదలెడుతున్నట్టే.

ఒక్కసారి లెక్క కడదాం. 7200 ఆర్‌పీఎం అంటే ఒక చుట్టు తిరగడానికి 8.33 మిల్లీసెకన్లు. కావాల్సిన చోటు హెడ్ కిందకి రావడానికి సగటున సగం చుట్టు, 4.17. హెడ్ కదలడానికి ఇంకో 8 వేసుకోండి. మొత్తం 12 మిల్లీసెకన్లు, అంటే డిస్కుకి సెకనుకి 80 చదువులు. 8 డిస్కులకి 640 నుంచి 650.

జనం పొద్దున వాడేది 50 జీబీ ఉంటుందనుకుందాం, 16 కేబీ ముక్కలుగా చిందరవందరగా. అది 32 లక్షల 76 వేల చదువులు. 650తో భాగిస్తే 5041 సెకన్లు. 84 నిమిషాలు.

9 నుంచి 10:30 అన్నారుగా మీరు. 50 జీబీ అన్నది నా ఊహే, కానీ మొత్తం చూస్తే సరిగ్గా అక్కడే పడుతోంది. ర్యామ్ 256 చేసినా 600 జీబీ వరద ముందు అది నిలవదు. అందుకే మీ హిట్ రేటు కదల్లేదు.

తెల్లకాకి | #6
పంతులుగారూ, లెక్క బాగుంది కానీ మూలంలోనే ఒక తేడా ఉంది. మీరు చెప్పింది ఉత్త ఎల్ఆర్‌యూకి, అంటే చాలాసేపుగా ఎవరూ ముట్టని పేజీని ముందు తీసేసే పద్ధతికి వర్తిస్తుంది. లినక్స్ పేజ్ క్యాష్ ఉత్త ఎల్ఆర్‌యూ కాదు, రెండు వరసలుంటాయి. కొత్తగా వచ్చిన పేజీ ఇనాక్టివ్ వరసలో చేరుతుంది. అక్కడుండగా రెండోసారి ఎవరైనా ముడితేనే యాక్టివ్‌కి ఎక్కుతుంది. బ్యాకప్ ప్రతి పేజీనీ ఒక్కసారే చదివి వదిలేస్తుంది కాబట్టి ఇనాక్టివ్‌లోనే వచ్చి ఇనాక్టివ్‌లోనే పోతుంది. జనం పేజీలు యాక్టివ్‌లో భద్రంగా ఉండాలి. ఒకే ఒక్క స్కాన్ క్యాష్‌ని ఊడ్చేయకూడదనేగా ఆ రెండు వరసలు పెట్టింది.

లెక్కలపంతులు | #7
సిద్ధాంతం అదే, ఒప్పుకుంటా. మరి 84 నిమిషాలు ఎలా కుదిరింది?

తెల్లకాకి | #8
కుదిరినంత మాత్రాన కారణం అదే అవ్వాలని లేదు. చూడకుండా చెప్పలేం.

మౌనసాక్షి | #9
ట్రేస్ తీయండి. ఊహలొద్దు.

నిద్రలేని_అడ్మిన్ | #10
డిస్కుకి వెళ్ళే ప్రతి చదువునీ రాసిపెట్టే బ్లాక్‌ట్రేస్ తెలుసు, ఒక రోజంతా పెట్టి వస్తా.

డిస్క్‌దేవర | #11
ఈలోపు ఎస్ఎస్‌డీ వచ్చేసేది 🙂

రేపటికోడ్ | #12
యాక్సెస్ ప్యాటర్న్ విశ్లేషణ అంటే ఇప్పుడు మెషిన్ లెర్నింగ్ ఉందిగా. ఏ బ్లాక్ మళ్ళీ ఎప్పుడు అడుగుతారో మోడల్ ముందే చెప్తుంది. నేను చిన్న ప్రాజెక్టులో ప్రయత్నించా, ఎల్ఆర్‌యూ కన్నా బాగానే వచ్చింది.

లెక్కలపంతులు | #13
ఆ కోరిక 1966 నుంచీ ఉంది. బెలాడీ ఐబీఎమ్‌లో ఉండగా రాసిన వ్యాసంలో అదే చూపించాడు: అన్నిటికన్నా ఆలస్యంగా అవసరమయ్యే పేజీని తీసేస్తే అంతకన్నా తక్కువ మిస్సులు (క్యాష్‌లో దొరకని చదువులు) ఎవరివల్లా కాదు. భవిష్యత్తు తెలిస్తేనే కుదురుతుంది కాబట్టి అది కొలబద్దగా మిగిలింది. మన పద్ధతి దానికి ఎంత దూరంలో ఉందో చూసుకోవడానికి పనికొస్తుంది. మోడల్ వద్దనను. కానీ రోగం పేరు తెలీకముందే ఆపరేషన్ ఎందుకు?

నిద్రలేని_అడ్మిన్ | #14
24 గంటల బ్లాక్‌ట్రేస్ వచ్చింది. చూసి గుండె జారిపోయింది. ముట్టిన బ్లాకుల్లో 68% రోజు మొత్తంలో ఒక్కసారే ముట్టినవి! అంటే మా దగ్గర అసలు మళ్ళీ మళ్ళీ వాడటమే లేదన్నమాట. ఇక ఏ క్యాష్ పెట్టి ఏం లాభం?

కొత్తగా_చేరా | #15
నాకూ అదే అనిపిస్తోంది. ఒకసారే వాడేదాన్ని దాచుకోవడం దండగ కదా.

పేజీఫాల్ట్ | #16
ఆగండాగండి. ఆ 68%ని పక్కన పెట్టేయండి. తప్పు మీది కాదు, ఇది చాలామంది పడే గొయ్యి.

బ్లాక్‌ట్రేస్ ఉండేది పేజ్ క్యాష్ కింద. క్యాష్‌లో దొరికిన చదువు అక్కడిదాకా రానే రాదు. మీరు చూసింది మిస్సుల్ని మాత్రమే. గుమ్మం దగ్గర నిలబడి బయటికొచ్చినవాళ్ళని లెక్కపెట్టి, ఇంట్లో ఉన్నది ఇంతే మంది అన్నట్టు. ఒక పేజీని జనం రోజుకి 400 సార్లు ముట్టినా, పొద్దున ఒకసారి డిస్కు నుంచి వచ్చాక బ్లాక్‌ట్రేస్‌కి అది "ఒక్కసారి ముట్టిన" బ్లాకే.

క్యాష్ గురించి తెలుసుకోవాలంటే ట్రేస్ క్యాష్ పైన తీయాలి. బీపీఎఫ్‌ట్రేస్‌తో (లినక్స్ కెర్నెల్‌లో జరిగేది గమనించే పనిముట్టు) వీఎఫ్ఎస్ రీడ్ దగ్గర, అంటే ప్రోగ్రాముల చదువులు కెర్నెల్‌లోకి వచ్చే చోట పెట్టండి. ఐదు విషయాలు చాలు: సమయం, ప్రోగ్రామ్ పేరు, ఐనోడ్ నంబరు (ఫైల్‌కి లోపలి గుర్తు), ఆఫ్‌సెట్ (ఫైల్‌లో ఎక్కడ్నుంచి), ఎంత చదివింది. ఫైల్ పేర్లు రాయొద్దు, జనం ఏం తెరుస్తున్నారో మనకెందుకు, ఐనోడ్ చాలు. ప్రోగ్రామ్ పేరు మాత్రం వదలొద్దు, అసలు కథ అక్కడే తేలుతుంది.

ఇంకో రెండు జాగ్రత్తలు. సాంబాలో సెండ్‌ఫైల్ (ఫైల్‌ని నేరుగా నెట్‌వర్క్‌కి పంపే దారి) ఆన్‌లో ఉంటే ఆ చదువులు వీఎఫ్ఎస్ రీడ్ దారిన రావు, ట్రేస్ తీసే రోజు దాన్ని ఆపండి. మెమరీ మ్యాప్ చేసుకుని చదివేవీ ఇక్కడ కనపడవు, రిపోర్టింగ్ ప్రోగ్రామ్ ఏ దారిన చదువుతుందో ముందే చూసుకోండి.

నిద్రలేని_అడ్మిన్ | #17
అమ్మో, నేనైతే ఈ 68% పట్టుకుని పైవాళ్ళ దగ్గరికి వెళ్ళబోయా. థాంక్స్. కానీ పైన తీస్తే రోజుకి ఎన్ని కోట్ల వరసలొస్తాయో, అది రాయడానికే డిస్కు చాలదేమో. ప్రతి నూరో రిక్వెస్టు రాసుకుంటే సరిపోతుందా?

మౌనసాక్షి | #18
సరిపోదు. రిక్వెస్టుల్ని కాదు, బ్లాకుల్ని ఏరాలి.

పేజీఫాల్ట్ | #19
మౌనసాక్షి చెప్పినదాన్ని కొంచెం విప్పుతా. ఒక బ్లాక్‌ని 9:05కి ఒకసారి, 9:20కి ఒకసారి చదివారనుకోండి. మనకి కావాల్సింది ఆ రెంటి మధ్య దూరం. ప్రతి నూరో రిక్వెస్టు తీసుకుంటే ఆ రెండిట్లో ఒకటి దొరికి రెండోది జారిపోతుంది, అన్నీ ఒంటరిగా కనిపిస్తాయి. మళ్ళీ మీ 68% లాంటి అబద్ధమే.

దానికి బదులు ఐనోడ్, బ్లాక్ నంబరు కలిపి హ్యాష్ చేయండి, అంటే ఒక్కో బ్లాక్‌కి ఎప్పుడూ ఒకేలా వచ్చే అంకె తీయండి. హ్యాష్‌ని 100తో భాగించినప్పుడు శేషం 0 వస్తేనే రాసుకోండి. అప్పుడు ఎంపికైన బ్లాక్ మీద పడ్డ ప్రతి చదువూ రికార్డవుతుంది, ఎంపిక కానిది అసలే రాదు. నూటికి ఒక బ్లాకే ఉంది కాబట్టి 128 జీబీ క్యాష్‌ని 1.28 జీబీ క్యాష్‌గా అనుకరించి చూడొచ్చు. 2015లో షార్డ్స్ అని వచ్చిన పద్ధతి ఇదే. 1% బ్లాకులతోనే మొత్తం మిస్ రేటు గీత (క్యాష్ సైజుని బట్టి మిస్సులు ఎలా మారతాయో చూపేది) చాలా దగ్గరగా వస్తుంది.

లెక్కలపంతులు | #20
ఆ గీతకీ పాత చుట్టముంది. 1970లో మ్యాట్‌సన్, ఇంకో ముగ్గురు కలిసి చూపించారు: ఎల్ఆర్‌యూ అయితే ట్రేస్‌ని ఒక్కసారి నడిపితే చాలు, అన్ని క్యాష్ సైజులకీ మిస్ రేటు ఒకేసారి వచ్చేస్తుంది. 64కి ఎంత, 128కి ఎంత, 256కి ఎంత అని విడివిడిగా చేయక్కర్లేదు. మీ మొదటి పోస్టులో "కొనకముందే తేల్చుకునే మార్గం" అడిగారు చూడండి, అది ఇదే.

కొత్తగా_చేరా | #21
ఒక చిన్న సందేహం. క్యాష్ పెద్దదయ్యేకొద్దీ మిస్సులు తగ్గడమో, అలాగే ఉండడమో తప్ప పెరగవు కదా?

లెక్కలపంతులు | #22
ఎల్ఆర్‌యూలో పెరగవు. ఫిఫోలో, అంటే ముందొచ్చినదాన్ని ముందు తీసేసే పద్ధతిలో పెరగొచ్చు. కాగితం మీద వేసి చూడండి: 1, 2, 3, 4, 1, 2, 5, 1, 2, 3, 4, 5 ఈ వరసలో అడుగుతూ పోతే, ఫిఫోకి 3 గదులిస్తే 9 మిస్సులు, 4 గదులిస్తే 10. బెలాడీ వింత అంటారు, 1969 నాటి మాట. మొదటిసారి చేత్తో వేసినప్పుడు నేను మూడుసార్లు సరిచూసుకున్నా.

కొత్తగా_చేరా | #23
వేశా. నిజంగానే 10 వచ్చింది! ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

జెడ్‌_వీరాభిమాని | #24
ఇంత తిప్పలు దేనికి, జెడ్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్‌కి మారిపోండి. అందులో ఏఆర్‌సీ అనే క్యాష్ పద్ధతి ఉంటుంది. కొత్తవాటికి ఒక వరస, రెండోసారి ముట్టినవాటికి ఒక వరస, తీసేసినవాటి గుర్తులకి రెండు నీడ వరసలు. ఏది ఎక్కువ పనికొస్తోందో చూసుకుని జాగా తనే సర్దుకుంటుంది. 2003లో మెగిద్దో, మోధా రాశారు. స్కాన్ వస్తే చెక్కు చెదరదు.

తెల్లకాకి | #25
ఒకసారే చదివే స్కాన్ అయితే చెదరదు, నిజమే. అలాంటి స్కాన్‌కి లినక్స్ కూడా చెదరకూడదనే నా వాదన. పొద్దున చెదిరింది. కాబట్టి ఇది అలాంటి స్కాన్ కాదేమో అని ఇప్పుడు నాకే అనుమానంగా ఉంది. ట్రేస్ రానివ్వండి.

నిద్రలేని_అడ్మిన్ | #26
వచ్చింది! నిన్న రాత్రి 12 నుంచి ఇవాళ రాత్రి 12 దాకా, 1% బ్లాకులు, క్యాష్ పైన. ప్రోగ్రామ్ వారీగా చూస్తే బ్యాకప్ 40%, సాంబా అంటే జనం 50%, రిపోర్టు 10%.

రాత్రి భాగంలోంచి ఒక ముక్క ఉన్నదున్నట్టు పెడుతున్నా:

02:14:07 బ్యాకప్ 88123 ఆఫ్‌సెట్ 0
02:14:07 బ్యాకప్ 88123 ఆఫ్‌సెట్ 1572864
02:14:08 బ్యాకప్ 88127 ఆఫ్‌సెట్ 262144
02:14:19 బ్యాకప్ 88123 ఆఫ్‌సెట్ 0
02:14:19 బ్యాకప్ 88123 ఆఫ్‌సెట్ 1572864
02:14:20 బ్యాకప్ 88127 ఆఫ్‌సెట్ 262144

రాత్రంతా ఇదే. నాకర్థమైనంతలో ప్రతి బ్లాకూ రెండుసార్లు కనిపిస్తోంది. స్క్రిప్టులో తప్పేమో, ఒకే వరస రెండుసార్లు రాస్తోందేమో అనుకున్నా, కానీ సమయాలు వేరు.

తెల్లకాకి | #27
స్క్రిప్టు తప్పు కాదు. దొంగ దొరికాడు!

మీ బ్యాకప్ ముందు చెక్‌సమ్ (ఫైల్ సరిగ్గా ఉందో సరిచూసే అంకె) కోసం ఫైళ్ళని ఒకసారి చదువుతోంది. పన్నెండు సెకన్ల తర్వాత కాపీ చేయడానికి మళ్ళీ చదువుతోంది. ఆ పన్నెండు సెకన్లలో పేజీ ఇనాక్టివ్ వరసలోనే ఉంటుంది. రెండోసారి ముట్టగానే కెర్నెల్ ఏమనుకుంటుంది? ఇది పనికొచ్చే పేజీ, యాక్టివ్‌కి ఎక్కిద్దాం అనుకుంటుంది. అలా 600 జీబీ ఒకదాని తర్వాత ఒకటి యాక్టివ్‌కి ఎక్కి, జనం పేజీల్ని కిందకి నెట్టేసింది. ఆ తర్వాత మర్నాటి రాత్రి దాకా వాటి మొహం చూసేవాడు లేడు.

పంతులుగారూ, #6లో నేను వాదించింది వెనక్కి తీసుకుంటున్నా. మీ 84 నిమిషాలు సరైనవే. నా నియమం సరైనదే గానీ, ఆ నియమాన్ని బ్యాకప్ బోల్తా కొట్టించింది.

లెక్కలపంతులు | #28
ఇద్దరం చెరో సగం పట్టుకున్నాం. రెండు వరసల సంగతి మీరు ఎత్తకపోతే నేను "స్కాన్" అనేసి ఊరుకునేవాణ్ణి, ఈ రెండో చదువు ఎవరూ వెతికేవాళ్ళు కాదు.

జెడ్‌_వీరాభిమాని | #29
మరి ఏఆర్‌సీ అయితే?

తెల్లకాకి | #30
అక్కడా రెండోసారి ముడితే రెండో వరసకే ఎక్కుతుంది. పన్నెండు సెకన్ల ఎడం ఉంది కాబట్టి నిజమైన వాడకంలాగే కనిపిస్తుంది. నీడ వరసలు తర్వాత సర్దుకోవచ్చేమో గానీ, ఆ రాత్రికి మాత్రం కాపాడవు.

ఎస్‌క్యూఎల్_సోదరి | #31
ఇది డేటాబేస్ వాళ్ళకి పాత పరిచయమే. ఒకే పని వల్ల దగ్గర దగ్గరగా పడ్డ రెండు ముట్టుళ్ళని రెండుగా లెక్కపెట్టకూడదు, ఒకటే అనుకోవాలి. 1993లో ఎల్ఆర్‌యూ-కే వ్యాసంలోనే ఈ సంగతి ఉంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో డేటా దాచే భాగమైన ఇన్నోడీబీలో కొత్త పేజీ వరస మొదట్లో చేరదు, చివరి నుంచి 37% దగ్గర చేరుతుంది. చేరాక 1000 మిల్లీసెకన్ల లోపు ఎన్నిసార్లు ముట్టినా పైకి ఎక్కదు. ఆ గడువుకి "ఓల్డ్ బ్లాక్స్ టైమ్" అని సెట్టింగే ఉంది.

మా దగ్గర ఒకసారి ఇలాగే అయింది. ఒక ప్రోగ్రామ్ పెద్ద టేబుల్‌ని చదివి, ఐదారు సెకన్ల తర్వాత అవే వరసల్ని మళ్ళీ సరిచూసేది. 1000 చాలక అన్నీ పైకి ఎక్కేసేవి. మధ్య ఎడాలన్నీ గ్రాఫ్ గీసి చూస్తే 5 సెకన్ల దగ్గర ఒక గుట్ట, తర్వాత బోడి మైదానం, మళ్ళీ 10 నిమిషాల దగ్గర ఇంకో గుట్ట. గడువుని ఆ మైదానంలో, 30 సెకన్ల దగ్గర పెట్టాం. ఆ అంకె ఏ పుస్తకంలోనూ లేదు, గ్రాఫ్ చెప్పింది. అడ్మిన్‌గారూ, మీరూ ఎడాల గ్రాఫ్ గీయండి, మూడు ప్రోగ్రాములకీ విడివిడిగా.

నిద్రలేని_అడ్మిన్ | #32
గీశా. బ్యాకప్: 5 నుంచి 20 సెకన్ల మధ్య ఒకే ఒక్క గుట్ట, ఆ తర్వాత సున్నా. జనం: 10 నిమిషాల నుంచి 2 గంటల దాకా పరుచుకుని ఉంది. ఎంత స్పష్టంగా ఉందో! మూడు వారాలు నేను చూసింది ఒకే అంకెని, 61%.

పేజీఫాల్ట్ | #33
ఆ 61%ని కూడా ఇప్పుడు విడగొట్టండి. బ్యాకప్ రెండో చదువు ఎప్పుడూ హిట్టే. అంటే మొత్తంలో 40% ఉన్న బ్యాకప్ తన వంతుగా 20 హిట్లు ఉత్తపుణ్యానికి వేసుకుంటోంది. ఆ 20 వల్ల ఎవరికీ ఒరిగేదేం లేదు.

నిద్రలేని_అడ్మిన్ | #34
అవును! విడగొడితే: బ్యాకప్ 50%, జనం 82%, రిపోర్టు 0%. జనానికే పొద్దున 9 నుంచి 10:30 వరకు వేరుగా తీస్తే 38%, మిగతా రోజంతా 93%. రిపోర్టు 0% ఏంటో అర్థం కాలేదు. ఒక్క హిట్ కూడా లేదా?

డిస్క్‌దేవర | #35
ఇన్ని తెలిశాక కూడా నా మాట నాదే. ఎస్ఎస్‌డీ క్యాష్ ఉంటే మిస్ అయినా 12 మిల్లీసెకన్ల బదులు 0.1లో వచ్చేది, జనానికి తేడానే తెలిసేది కాదు.

పేజీఫాల్ట్ | #36
వేగం సంగతి నిజం. కానీ ఆ ఎస్ఎస్‌డీ క్యాష్‌లోకి ఏది ఎక్కాలో నిర్ణయించేది ఎవరు? రెండుసార్లు ముట్టినవి ఎక్కించు అంటే మళ్ళీ బ్యాకప్పే ఎక్కుతుంది. రాత్రికి 600 జీబీ రాతలు, ఏడాదికి 219 టీబీ. 600 టీబీ రాతల వరకే హామీ ఉన్న 1 టీబీ ఎస్ఎస్‌డీ మూడేళ్ళు నిండకుండానే ఆ హామీ దాటేస్తుంది, అదీ ఎవరూ చదవని డేటా రాసి. పెట్టొచ్చు, ఈ వరదకి కట్ట వేశాక పెట్టండి.

డిస్క్‌దేవర | #37
సరే, ఆ లెక్క నేను వేసుకోలేదు. ముందు కట్ట వేయండి.

ఎస్‌క్యూఎల్_సోదరి | #38
రిపోర్టు 0%కి నా ఊహ: అది ఒక పెద్ద ఫైల్‌ని మొదట్నుంచి చివరిదాకా ఒకటికన్నా ఎక్కువసార్లు చదువుతోందా?

నిద్రలేని_అడ్మిన్ | #39
చూశా. 100 జీబీ ఫైల్, మూడుసార్లు. మొత్తాలకి ఒకసారి, సగటులకి ఒకసారి, తేడాలకి ఒకసారి. 3కి మొదలవుతుంది. కానీ 100 జీబీ 128లో పట్టాలి కదా?

ఎస్‌క్యూఎల్_సోదరి | #40
128లో ప్రోగ్రాములు పోగా క్యాష్‌కి మిగిలేది 110 అనుకుందాం. అందులో జనం 50 ఆక్రమించారు. రిపోర్టుకి మిగిలేది 60. అరవై గదుల్లో వంద మందిని తిప్పుతున్నారు.

చిన్నగా చూస్తే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. 4 గదుల క్యాష్, క ఖ గ ఘ ఙ అని ఐదు బ్లాకులు వరసగా తిరుగుతున్నాయి. క ఖ గ ఘ నిండాయి. ఙ రాగానే అన్నిటికన్నా పాతది క పోతుంది. వెంటనే అడిగేది క! దానికోసం ఖ పోతుంది. వెంటనే అడిగేది ఖ! ఇలా ఎన్ని చుట్లు తిరిగినా ఒక్క హిట్ రాదు. ఒకే ఒక్క బ్లాక్ ఎక్కువైనందుకు మొత్తం సున్నా. చుట్టు తిరిగే చదువుకి ఎల్ఆర్‌యూ కన్నా చెడ్డది ఇంకోటి ఉండదు. గీతలో అది కొండచరియలాగా కనిపిస్తుంది: అంతవరకు బల్లపరుపు, అక్కడికి రాగానే ధడేలున పడుతుంది.

నిద్రలేని_అడ్మిన్ | #41
అందుకేనా 64 నుంచి 128కి ఏం కదల్లేదు! ఇప్పుడే అనుకరణ నడిపా. గీత 60 నుంచి 140 దాకా బల్లపరుపు. 160, 170 మధ్య పడిపోయింది.

రేపటికోడ్ | #42
అంటే 256 కొంటే పనయ్యేదేగా?

లెక్కలపంతులు | #43
మధ్యాహ్నం బాగుపడేది. పొద్దున బాగుపడేది కాదు. రేపు ఆ ఫైల్ 200 జీబీ అయితే మధ్యాహ్నం కూడా మొదటికొచ్చేది. మూడు లెక్కలూ ఒకే చదువులో చేయమనండి ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్ళని. మొత్తం, సగటు, తేడా, వీటికి మూడు చుట్లెందుకు?

మౌనసాక్షి | #44
క్యాష్‌ని మార్చడం కన్నా చదివే తీరు మార్చడం చవక.

నిద్రలేని_అడ్మిన్ | #45
బ్యాకప్‌ని ఏం చేయాలి? చదివేశాక ఆ పేజీలు అక్కర్లేదని ఎఫ్‌అడ్వైజ్ అనే సిస్టమ్ కాల్‌తో కెర్నెల్‌కి చెప్పొచ్చని చదివా. డోంట్‌నీడ్ అని.

పేజీఫాల్ట్ | #46
దాంతో జాగ్రత్త. డోంట్‌నీడ్ అంటే ఆ ఫైల్ పేజీలు ఎవరు తెచ్చినవైనా పోతాయి. సాయంత్రం దాకా జనం వాడిన ఫైల్‌ని బ్యాకప్ చదివి "అక్కర్లేదు" అందంటే, కాపాడుకోవాల్సినదాన్నే చేజేతులా పారేసినట్టు. చదవకముందే ఏ పేజీలు క్యాష్‌లో ఉన్నాయో చూసుకుని, లేనివాటినే తర్వాత వదిలేయాలి. కుదురుతుంది గానీ బ్యాకప్ ప్రోగ్రామ్‌ని మార్చాలి.

అంతకన్నా తేలిక: బ్యాకప్‌ని వేరే సీగ్రూప్‌లో (ప్రోగ్రాములకి విడిగా మెమరీ హద్దు పెట్టే లినక్స్ ఏర్పాటు) నడపండి, ఆ హద్దుని, అంటే మెమరీ హై సెట్టింగుని 2 జీబీ పెట్టండి. పేజీని మొదట ఎవరు తెస్తే వాళ్ళ ఖాతాలో పడుతుంది. బ్యాకప్ తెచ్చిన పేజీలు బ్యాకప్ ఖాతాలో 2 జీబీ దాటగానే దాని పేజీలే పోతాయి, జనం పేజీల జోలికి రాదు. 5 గంటల్లో 600 జీబీ అంటే సెకనుకి 34 ఎంబీ లోపే. 12 సెకన్లకి 400 ఎంబీ. కాబట్టి 2 జీబీలో రెండో చదువు హాయిగా దొరుకుతుంది, బ్యాకప్ కూడా నెమ్మదించదు.

చూశారా, ఆ 2 జీబీ అంకె కూడా మీ గ్రాఫ్‌లోని పన్నెండు సెకన్ల నుంచే వచ్చింది.

నిద్రలేని_అడ్మిన్ | #47
ఇవాళ రాత్రికే పెడుతున్నా.

రేపటికోడ్ | #48
#12లో మోడల్ అన్నా కదా, ఇదంతా చదివాక ఒకటడుగుతా. ఏ బ్లాక్ ఉంచాలో నేర్చుకునే క్యాష్‌కి అసలు చోటెక్కడ?

ఎస్‌క్యూఎల్_సోదరి | #49
చోటుంది. ఎవరు ఎందుకు చదువుతున్నారో మనకి తెలీని చోట, లక్షల మంది అడిగేవి ఒకే క్యాష్ మీద పడే చోట. అక్కడ కూడా మోడల్ కన్నా ముందు తేలికైనవి ప్రయత్నించండి. టైనీఎల్ఎఫ్‌యూ అనే పద్ధతి ఒక్కో కీకి 4 బిట్ల కౌంటర్లతో ఎన్నిసార్లు వచ్చిందో ఉజ్జాయింపుగా గుర్తుపెట్టుకుని, అప్పుడప్పుడు అన్నిటినీ సగం చేస్తుంది, పాత గొప్పలు చెరిగిపోవడానికి. 2023లో వచ్చిన ఎస్3-ఫిఫో ఇంకా తేలిక: 10% జాగాని చిన్న వరసగా పెట్టి, అక్కడ మళ్ళీ ముట్టనివాటిని పెద్ద వరసలోకి రానివ్వదు. ముందు మీ ట్రేస్ మీద బెలాడీ గీతా, ఎల్ఆర్‌యూ గీతా పక్కపక్కన గీయండి. మధ్యలో ఖాళీ చిన్నదైతే మోడల్‌కి మిగిలేదేం లేదు.

రేపటికోడ్ | #50
నా దగ్గర ట్రేస్ లేదు, సాధనకి ఏదైనా ఉందా?

లెక్కలపంతులు | #51
మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ కేంబ్రిడ్జ్ వాళ్ళు 13 సర్వర్ల మీద వారం రోజులు తీసిన బ్లాక్ ట్రేసులు బయటపెట్టారు, 36 వాల్యూములవి. ఎస్ఎన్ఐఏ (స్టోరేజ్ కంపెనీల సంఘం) భాండాగారంలో దొరుకుతాయి. సాధనకి మంచివి. అయితే అవి కూడా క్యాష్ కింద తీసినవే, #16 గుర్తుపెట్టుకుని చదవండి.

నిద్రలేని_అడ్మిన్ | #52
నాలుగు రోజులు చూసి రాస్తున్నా.

సీగ్రూప్ పెట్టిన మర్నాడే పొద్దున 9:10కి నేనే ఒక ఫైల్ తెరిచి చూశా, చటుక్కున వచ్చింది. పక్కన కూర్చున్నామె "ఇవాళ సెలవా, జనం రాలేదా" అనడిగింది. 9 నుంచి 10:30 మధ్య జనం హిట్ రేటు 38% నుంచి 91%. బ్యాకప్ ముందులాగే 6 లోపు అయిపోతోంది.

అసలు ఆశ్చర్యం ఇది: రోజు మొత్తం అంకె 61 నుంచి 67కి మాత్రమే వచ్చింది. ఆ ఒక్క అంకె చూసి ఉంటే ఏం మారలేదనే అనుకునేవాణ్ణి.

రిపోర్టు రాసినవాళ్ళు ఒకే చదువుకి మార్చడానికి ఒప్పుకున్నారు, వచ్చే వారం. 256 జీబీ కొనుగోలు ఆపించా. పైవాళ్ళకి గీత చూపించా, 60 నుంచి 140 దాకా బల్లపరుపుగా ఉన్నది. ఇంకో మాట అడగలేదు.

తెల్లకాకి | #53
చాలా సంతోషం. రిపోర్టు మారాక మళ్ళీ ఒకరోజు ట్రేస్ తీయండి, కొండచరియ ఉండకూడదు.

కొత్తగా_చేరా | #54
ఈ చర్చ చదివి మా దగ్గర కూడా తీశా. మా బ్యాకప్ మూడుసార్లు చదువుతోంది! వేరే చర్చ మొదలుపెట్టనా, ఇక్కడే అడగనా?

పేజీఫాల్ట్ | #55
వేరేది పెట్టండి. ఎడాల గ్రాఫ్‌తో సహా.